ఎలుక రుచికి తిన్నదా, కేలరీకి తిన్నదా: తిరుపతి ల్యాబుల కోసం మేతలు, సీసాల సమీక్ష

ముందుగా తీర్పు చెప్పేస్తాం. ఎక్కువ కొవ్వు మేత కొంటూ, దానికి జోడీగా కుదిరే తక్కువ కొవ్వు మేతని కూడా అదే తయారీదారు దగ్గర కొనలేకపోతే ఆ ఖర్చు పెట్టకండి. అందులో కొంత సొమ్ముతోనే మంచి సీసాలు, స్టీలు నాజిళ్ళు, నమ్మకమైన ఒక తూకం కొనుక్కుని రెండు సీసాల పరీక్ష (ఒకదాంట్లో ద్రావణం, ఇంకోదాంట్లో నీళ్ళు పెట్టి ఎలుక దేన్ని ఎంత తాగిందో చూడడం) చేస్తే అంతకంటే గట్టి ఫలితం చేతికొస్తుంది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఫార్మసీ, వెటర్నరీ, జంతుశాస్త్రం చదివేవాళ్ళు స్థూలకాయం, మధుమేహం మీద ఎలుకలతో చేసే ప్రాజెక్టుల్లో పదేపదే కనిపించే లోటు ఒకటుంది. ఎలుక బరువు పెరిగింది సరే, ఎందుకు ఎక్కువ తిన్నదో చెప్పడానికి ఆధారం ఉండదు. రుచి నచ్చి తిన్నదా, గ్రాముకి కేలరీలు ఎక్కువై పేరుకున్నాయా, మెత్తగా ఉండి తేలిగ్గా దిగిపోయిందా? ఈ మూడూ విడదీయలేని మేత ఎంత ఖరీదైనా ఆ ప్రశ్నకి పనికిరాదు. ఈ సమీక్షలో ప్రతి వస్తువునీ ఆ ఒక్క కొలతతోనే చూశాం. కేలరీ అని రాసిన ప్రతిచోటా కిలో కేలరీ అని చదువుకోండి.

కొనే ముందు తెలియాల్సిన శాస్త్రం కొద్దిగానే ఉంది. ఎలుక కేలరీల లెక్క చూసుకుని తింటుందని 1947లో ఎడ్వర్డ్ అడాల్ఫ్ చూపించాడు. మేతలో శక్తినివ్వని పదార్థం కలిపితే ఎలుకలు అంతకు తగ్గట్టు ఎక్కువ గ్రాములు తిని, రోజువారీ కేలరీలని దాదాపు నిలబెట్టుకున్నాయి. 1962లో ఎప్‌స్టీన్, టైటెల్‌బామ్ ద్రవాహారం నోటితో పనిలేకుండా గొట్టం ద్వారా నేరుగా పొట్టలోకే పోయేలా అమర్చి, మీట నొక్కే పని ఎలుకకే వదిలారు. రుచీ వాసనా తెలియకుండానే అవి తమకి కావలసినంత తీసుకున్నాయి. ఇది చదివి రుచికి పనేమీ లేదనుకోకండి. సాకరిన్ అనే కృత్రిమ తీపిలో కేలరీలే లేవు, అయినా ఎలుక దాని కోసం పక్కనున్న నీళ్ళ సీసా వదిలేస్తుంది. తాగింది తాగినట్టు పొట్టలోంచి బయటికి పోయేలా గొట్టం అమర్చిన ఎలుకైతే చక్కెర నీళ్ళు ఆపకుండా తాగుతూనే ఉంటుంది. 2008లో డీ అరౌజో బృందం తీపి తెలియని చిట్టెలుకలతో పరీక్ష చేసింది. ట్రిప్‌ఎం5 జన్యువు లేని ఆ జంతువులు మొదట చక్కెరకీ నీళ్ళకీ తేడా చూపలేదు. కడుపులో పడ్డ కేలరీల ప్రభావంతో తర్వాత చక్కెర ఇచ్చిన వైపుకే మొగ్గాయి. కేలరీ లేని కృత్రిమ తీపి సుక్రలోజ్ వైపు మొగ్గలేదు. ఎలుక తిండిని నాలుకా నడుపుతుంది, పేగూ నడుపుతుంది. మీరు కొనే మేత, సీసా ఈ రెండిట్లో ఒకదాన్ని కదపకుండా రెండోదాన్ని మార్చగలగాలి.

మామూలు పెల్లెట్లు

గోధుమ, మొక్కజొన్న, సోయా, తవుడు, పిండి వగైరాలతో చేసే గోధుమరంగు పెల్లెట్లు (అచ్చులో నొక్కిన మేత ముక్కలు) అన్ని యానిమల్ హౌసుల్లోనూ ఉంటాయి. గట్టిగా ఉంటాయి కాబట్టి పళ్ళు అరుగుతాయి, తొందరగా పాడవవు, అన్నిటికంటే చవక. జంతువులని పెంచడానికి, పిల్లలు పెట్టించడానికి ఇవే మేలు. శరీరానికి అందే శక్తి గ్రాముకి 3 నుంచి 3.3 కేలరీల దాకా ఉంటుంది.

రుచి ప్రయోగంలో పోలిక మేతగా మాత్రం వీటికి తక్కువ మార్కులే ఇస్తాం. సంచి మీద ముడి ప్రోటీన్, ముడి కొవ్వు, ముడి పీచు శాతాలు రాస్తారే గానీ ఆ కొవ్వు ఏ నూనెదో, పిండి ఏ గింజదో రాయరు. ధాన్యం ధరలని బట్టి దినుసులు మారితే ఒక బ్యాచికీ ఇంకో బ్యాచికీ రుచి మారిపోతుంది. కొత్త రుచి మీద ఎలుకకి అనుమానం ఎక్కువ, పైగా దానికి వాంతి చేసుకునే శక్తి లేదు. అందుకే మొదట కొద్దిగా కొరికి చూసి ఆగుతుంది. ప్రయోగం మధ్యలో బ్యాచి మారితే ఒకటి రెండు రోజులు మేత తగ్గడం మందు ప్రభావంలా కనిపిస్తుంది. మొత్తం ప్రయోగానికి సరిపడా ఒకే బ్యాచి కొనండి. తయారీ తేదీ నుంచి ఆరు నెలలు దాటిన సంచి వాడకండి.

వేరుసెనగ పిండి (నూనె తీశాక మిగిలే చెక్క) కలిపిన పెల్లెట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన రాయలసీమలో వేరుసెనగ పిండి తేలిగ్గా దొరుకుతుంది గనక స్థానికంగా మేత కలిపేవాళ్ళు దానివైపే చూస్తారు. తేమ తగిలి బూజు పట్టిన పిండిలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉంటుంది, ఎలుక కాలేయానికి అది విషం. మేత తగ్గడం, బరువు పడిపోవడం దాని లక్షణాలే. పరీక్ష రిపోర్టు చూపించని చోట వేరుసెనగ పిండి మేత తీసుకోకండి.

సంచి అడుగున పొడి ఎంత చేరిందో కూడా చూడండి. తేలిగ్గా పొడి రాలే పెల్లెట్టు మేతబుట్ట కన్నాల్లోంచి బోను అడుగున పరిచిన ఊకలో పడుతుంది, లెక్కలో అది తిన్నట్టే వస్తుంది.

ఏఐఎన్-93: స్థానికంగా కలుపుకోదగ్గది

అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్ 1993లో ప్రకటించిన ఈ మేతలో ప్రతి గ్రామూ లెక్కలో ఉంటుంది. ఎదిగే పిల్లలకి, చూలు ఎలుకలకి, పాలిచ్చే తల్లులకి జీ రకం. ఎదిగిన వాటికి ఎం రకం. జీ రకం కిలోకి దాదాపు 397.5 గ్రాముల మొక్కజొన్న గంజిపొడి, 200 గ్రాముల కేసీన్ (పాల ప్రోటీన్), 132 గ్రాముల డెక్స్‌ట్రినైజ్డ్ గంజిపొడి, 100 గ్రాముల చక్కెర, 70 గ్రాముల సోయా నూనె, 50 గ్రాముల సెల్యులోజ్ (శక్తినివ్వని పీచు), 35 గ్రాముల ఖనిజ మిశ్రమం, 10 గ్రాముల విటమిన్ మిశ్రమం, 3 గ్రాముల సిస్టీన్, 2.5 గ్రాముల కోలీన్ బైటార్ట్రేట్, నూనె చెడకుండా 14 మిల్లీగ్రాముల టీబీహెచ్‌క్యూ పడతాయి. ఎం రకంలో కేసీన్ 140కి, సోయా నూనె 40కి, సిస్టీన్ 1.8కి తగ్గుతాయి. ఆ మేరకు గంజిపొడి పెరుగుతుంది.

పోలిక మేతగా దీనికే మా మొదటి ఓటు. ఒక దినుసు తీసి ఇంకోటి పెట్టినప్పుడు ఏం మారిందో కచ్చితంగా చెప్పగలం. 50 గ్రాముల గంజిపొడి తీసి సెల్యులోజ్ వేస్తే అడాల్ఫ్ చేసిన పలచన ప్రయోగమే మీ చేతిలో ఉన్నట్టు. అయితే పలచన చేశాక ఎలుక గ్రాములు పెంచుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. రెండు రోజులు చూసి పెరగలేదని రాసేయకండి, వారమైనా తూచండి.

కలిపే పద్ధతిలో తప్పులు ఎక్కువగా జరుగుతాయి. విటమిన్లు, సిస్టీన్ లాంటి కొద్దిపాటి దినుసులని ముందు చక్కెరలో కలిపి, ఆ మిశ్రమాన్ని కొంచెం గంజిపొడిలో, ఆ తర్వాత మొత్తంలో కలపాలి. ఒకేసారి గుమ్మరిస్తే విటమిన్లు ఒక మూలే ఉండిపోతాయి. టీబీహెచ్‌క్యూని నూనెలో కరిగించి సన్నధారగా చివర్లో పోసి, ఉండలు లేకుండా జల్లెడ పట్టాలి. కోలీన్ గాలిలో తేమని లాగేసుకుంటుంది, దాన్ని కూడా చివరికే ఉంచండి. కలిపిన మేతని గాలి చొరబడని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాలి.

పెల్లెట్లు చేసే యంత్రం లేనివాళ్ళు పొడిగానే పెడతారు. ఎలుక దాన్ని తవ్వి పారబోస్తుంది. బరువైన గాజు గిన్నె, దాని మీద మధ్యలో కన్నమున్న స్టీలు మూత, కింద వెడల్పు పళ్ళెం ఉంటేనే పారబోసింది తిరిగి తూచగలరు. పళ్ళెంలో పడ్డది మూత్రంతో తడిసి ఉంటుంది కాబట్టి ఎండబెట్టి తూచాలి. అగర్ (నీళ్ళని గడ్డకట్టించే సముద్రపు నాచు పొడి) వేసి ముద్ద చేస్తే పారబోత తగ్గుతుంది, కానీ నీళ్ళు చేరి గ్రాముకి కేలరీలు పడిపోతాయి, మెత్తదనం వల్ల ఇష్టం పెరుగుతుంది. పోలిక గుంపుకి పొడి, ప్రయోగ గుంపుకి ముద్ద పెట్టారంటే ప్రయోగం అక్కడే చెడిపోయినట్టు.

ఒక లోపం కూడా చెప్పాలి. కిలోకి 100 గ్రాముల చక్కెర అంటే ఈ మేతా కాస్త తియ్యగానే ఉంటుంది. తీపి మీదే ప్రయోగమైతే చక్కెర బదులు గంజిపొడి వేసిన రూపం వాడాలి.

60 శాతం కొవ్వు మేత, దాని జోడీ

రీసెర్చ్ డైట్స్ కంపెనీ డి12492 ఈ రంగంలో అందరూ వాడేది. కేలరీల్లో 60 శాతం కొవ్వు నుంచి, 20 శాతం ప్రోటీన్ నుంచి, 20 శాతం పిండిపదార్థాల నుంచి వస్తాయి. గ్రాముకి 5.24 కేలరీలు. కొవ్వులో ఎక్కువ భాగం పందికొవ్వు, కొంచెం సోయా నూనె. బరువు లెక్కన కొవ్వు 35 శాతమే. కేలరీ శాతాన్నీ బరువు శాతాన్నీ కలగలిపేసి, 60 శాతం అంటే కిలోకి 600 గ్రాముల కొవ్వనుకుని ఇంట్లో కలిపేవాళ్ళున్నారు, జాగ్రత్త.

ఈ మేత మీద తిండి ఎలా లెక్కించాలో చూడండి. రోజుకి 75 కేలరీలు తినే ఎలుకకి గ్రాముకి 3.1 కేలరీల పెల్లెట్టు 24 గ్రాములు కావాలి. అవే కేలరీలు ఈ మేతలో 14.3 గ్రాములతో వచ్చేస్తాయి. ఎలుక రోజుకి 17 గ్రాములు తిన్నదనుకోండి. గ్రాముల్లో చూస్తే మేత తగ్గింది, కేలరీల్లో చూస్తే 89కి పెరిగింది. గ్రాములు మాత్రమే పట్టికలో వేసి మేత తగ్గిందని రాసిన థీసిస్ అర్థాన్ని తలకిందులు చేస్తుంది. గ్రాములు, కేలరీలు రెండూ రాయండి.

జోడీగా ఏది కొనాలన్నది ఇంకా ముఖ్యం. 10 శాతం కొవ్వుండే పాత జోడీ డి12450బీలో 35 శాతం కేలరీలు చక్కెరవి, డి12492లో చక్కెర 7 శాతమే. ఆ రెండిటినీ పోలిస్తే కొవ్వుతో పాటు తీపి కూడా మారిపోతుంది. డి12450జేలో చక్కెర 7 శాతానికే సరిపెట్టారు, అందుకని అదే సరైన జోడీ. ఆర్డరు ఫారంలో చివరి అక్షరం పొరపాటు పడితే ప్రయోగమే మారిపోతుంది. ఇక మామూలు పెల్లెట్టుని జోడీగా పెట్టడమంటే పీచు, సోయా ఈస్ట్రోజెన్లు, గట్టిదనం, వాసన, దినుసులు అన్నీ ఒకేసారి మార్చేయడమే. వచ్చిన తేడా కొవ్వుదని చెప్పే హక్కు ఉండదు.

ఈ జోడీ పెట్టినా ఒక ప్రశ్న మిగులుతుంది. డి12492 మెత్తగా, జిడ్డుగా ఉంటుంది. డి12450జే గట్టిగా ఉంటుంది. రుచి, తాకిడి, కేలరీ మూడూ కలిసే ఉన్నాయి. స్థూలకాయం తెప్పించడానికి దీనికి మించింది లేదు. రుచికీ కేలరీకీ మధ్య తేడా తేల్చడానికి ఇది ఒక్కటే చాలదు.

తిరుపతి వేసవిలో దీన్ని కాపాడుకోవడం పెద్ద పని. మేతబుట్టలో వేసింది ఏసీ గదిలో కూడా రెండు మూడు రోజులకోసారి మార్చాలి. మిగతాది మైనస్ 20 డిగ్రీల్లో, చిన్న ప్యాకెట్లుగా విడదీసి ఉంచాలి. మొత్తం సంచి పదేపదే బయటికి తీసి లోపల పెడితే తడి చేరి, కొవ్వు కమురుతుంది. కమురు వాసన వచ్చిన మేతని ఎలుకలు తక్కువ తింటాయి, దాన్ని మందు పనిచేసిందని రాసుకుంటారు. పైగా మెత్తటి మేతని ఎలుక తురిమి కింద పడేస్తుంది. ఊకలోంచి ఆ తురుము ఏరడానికి ఓపిక పట్టకపోతే తిండి లెక్క తప్పుతుంది.

ఫార్మసీ కాలేజీల్లో కలిపే కొవ్వు మేత

మన కాలేజీల్లో ఎక్కువ తిరిగే సూత్రం 2005లో మొహాలీ నైపర్ (జాతీయ ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థ) వాళ్ళు ప్రచురించింది. కిలోకి పెల్లెట్టు పొడి 365 గ్రాములు, పందికొవ్వు 310, కేసీన్ 250, కొలెస్టరాల్ 10, విటమిన్ ఖనిజ మిశ్రమం 60, మెథియోనిన్ 3, ఈస్టు పొడి 1, ఉప్పు 1. దీని తర్వాత ఇన్సులిన్ తయారుచేసే కణాలని దెబ్బతీసే స్ట్రెప్టోజోటోసిన్ కొద్ది మోతాదు ఇచ్చి టైప్ 2 మధుమేహం నమూనా తెప్పిస్తారు. ఆ పనికి ఇది నిలిచిన సూత్రమే, చవక కూడా. మధుమేహం మందు పరీక్షకి దీన్ని నిశ్చింతగా సిఫారసు చేస్తాం.

తిండి ప్రవర్తనకి మాత్రం వద్దు. అందులో పెల్లెట్టు పొడి ఉంది కాబట్టి పెల్లెట్టు బ్యాచి లోపాలన్నీ ఇందులోకీ వస్తాయి. పందికొవ్వు దొరక్క చాలాచోట్ల వనస్పతి వేస్తారు. 2022 జనవరి నుంచి ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదని మన ఆహార ప్రమాణాల సంస్థ నియమం వచ్చింది. అందుకని పాత వ్యాసాల్లోని వనస్పతి, ఇప్పుడు దుకాణంలో దొరికే వనస్పతి ఒకటి కావు. ఏ కొవ్వు వాడారో, దాని లేబులు మీద ఏముందో థీసిస్‌లో రాయండి. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి దానితో చేసిన ముద్ద ఏసీ ఆగితే జారిపోతుంది.

సీసాలు, నాజిళ్ళు

మీ డబ్బుకి అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేవి ఇవే. ఒక బోనుకి రెండు సీసాలు, ఒకదాంట్లో పరీక్ష ద్రావణం, ఇంకోదాంట్లో నీళ్ళు. ద్రావణం ఎంత తాగిందో దాన్ని మొత్తం తాగిన దాంతో భాగించి 100తో గుణిస్తే ఇష్టం శాతం. 50 అంటే తేడా లేదని.

సీసాలు పాలీకార్బొనేటువి, 250 మిల్లీలీటర్లవి చాలు. ఎదిగిన ఎలుక మామూలుగా ప్రతి 100 గ్రాముల బరువుకి రోజుకి 10 మిల్లీలీటర్లు తాగుతుంది. తీపి దొరికితే అంతకు ఎన్నో రెట్లు తాగుతుంది. 1967లో వాలెన్‌స్టీన్ బృందం 3 శాతం గ్లూకోజులో 0.125 శాతం సాకరిన్ కలిపి ఇస్తే ఎలుకలు రెండిట్లో ఏదీ విడిగా తాగనంతగా తాగాయి. అలాంటి మిశ్రమం పెట్టేటప్పుడు 500 మిల్లీలీటర్ల సీసా వాడండి. తెల్లారేసరికి ఖాళీ అయిన సీసా ఎంత తాగిందో చెప్పదు.

మూతల్లో నల్ల రబ్బరువి అన్నిటికంటే చవక, కానీ ఎలుక కొరుకుతుంది, రబ్బరుకి పట్టిన వాసన వదలదు. క్వినైన్ వాడిన మూతని తర్వాత చక్కెరకి వాడితే చేదు మిగిలి ఉంటుంది. సిలికాన్ మూతలు కొని, ఒక్కో ద్రావణానికి ఒక్కో సెట్టు కేటాయించండి. వేడినీళ్ళు, వాసన లేని సబ్బుతో కడిగి, ఆ తర్వాత నీళ్ళతో బాగా తొలపండి. నిమ్మ వాసన సబ్బు ఎలుక ముక్కుని దాటదు.

నాజిళ్ళు రెండు రకాలు. చివర గోళీ ఉన్నవి తక్కువ కారతాయి, కానీ చక్కెర ఎండి గోళీ పట్టేస్తుంది. బోరు నీళ్ళ సున్నం పేరుకుంటే ఇంకా త్వరగా పట్టేస్తుంది. గోళీ బిగుసుకున్న సీసాని ఎలుక వదిలేస్తే రుచి నచ్చలేదని లెక్క వస్తుంది. గోళీ లేని నిటారు స్టీలు గొట్టాలు నాక్కోవడానికి హాయిగా ఉంటాయి, కొంచెం కారతాయి. రుచి పరీక్షకి మేము నిటారు గొట్టాలనే ఎంచుకుంటాం, కారే లెక్కని విడిగా తీసేస్తాం. ఏ రకమైనా రెండు గొట్టాల కన్నమూ ఒకే కొలతలో ఉండాలి. ఒకదాంట్లో నీళ్ళు సులువుగా వస్తే అదే ఇష్టంగా కనిపిస్తుంది. ముందు రెండిట్లోనూ నీళ్ళే పోసి మూడు నాలుగు రోజులు చూడండి. ఒక వైపుకే ఎక్కువ మొగ్గు ఉంటే గొట్టాన్నో, బోను స్థానాన్నో సరిచేయండి.

పద్ధతి ఇది. ద్రావణం పోసి, సీసా తలకిందులు చేసి, తొలి చుక్కలు బయటే రాలనిచ్చి, అప్పుడు తూచి, నెమ్మదిగా బోను మీద పెట్టాలి. ఈ వరస తప్పితే మొదటి చుక్కల బరువు ఎలుక ఖాతాలో పడుతుంది. 24 గంటలకి తూచి, రెండు సీసాల వైపులు మార్చి, ఇంకో 24 గంటలు నడిపి, రెండు రోజుల సగటు తీసుకోవాలి. ఎలుకలు కుడి ఎడమల్లో ఒక వైపుకి అలవాటు పడతాయి కాబట్టి వైపులు మార్చని పరీక్షకి విలువ లేదు. అదే ర్యాకులో ఎలుక లేని బోనుకి కూడా రెండు సీసాలు పెట్టి, అందులో తగ్గినంత అన్నిటిలోంచీ తీసేయాలి. దాహం పెట్టి పరీక్ష చేయకండి. దప్పికతో ఉన్న ఎలుక ఏ సీసా అయినా తాగుతుంది, ఇష్టం అందులో కొట్టుకుపోతుంది.

తూకం ఎలుకలకి 0.1 గ్రాము, చిట్టెలుకలకి 0.01 గ్రాము చూపేది కావాలి. 10 శాతం చక్కెర ద్రావణం మిల్లీలీటరు 1.04 గ్రాములు తూగుతుంది. గ్రాములనే మిల్లీలీటర్లని రాసేస్తే చిక్కటి ద్రావణాల్లో తేడా బాగా కనిపిస్తుంది.

ఇప్పుడు మన ఊరి అసలు సమస్య, కరెంటు. తలకిందులుగా ఉన్న సీసాలో నీటిని నిలబెట్టేది పైనున్న గాలిలోని తక్కువ పీడనం. కరెంటు పోయి ఏసీ ఆగి గది 22 నుంచి 32 డిగ్రీలకి వెళ్తే సగం ఖాళీ అయిన 250 మిల్లీలీటర్ల సీసాలో గాలి వ్యాకోచించడం వల్లే 4 మిల్లీలీటర్లకి పైగా బయటికి నెట్టేస్తుంది. ఆవిరి పీడనం పెరగడం దానికి అదనం. చిట్టెలుక రోజుకి తాగేదే అంత. ఖాళీ బోను సీసాలు ఉంటే ఈ దొంగ అంకె పట్టుబడుతుంది. సీసాని నిండుగా పెట్టి గాలి తక్కువ ఉంచినా కొంత తగ్గుతుంది. జనరేటర్ వెనువెంటనే అందుకోని గదిలో పరీక్ష పెట్టకపోవడమే మేలు. చక్కెర ద్రావణాలైతే వేడికి పులుస్తాయి కాబట్టి రోజూ కొత్తగా చేయాలి, సీసా ఎండలో పడకూడదు.

రెండు సీసాలకీ ఒకే నీళ్ళు వాడాలి. ద్రావణాన్ని డిస్టిల్డ్ నీళ్ళతో చేసి, పక్క సీసాలో బోరు నీళ్ళు పోస్తే ఎలుక ఆ ఉప్పు తేడాని కూడా పసిగడుతుంది.

డబ్బు ఎక్కువున్న ల్యాబులకి నాకుడు లెక్కపెట్టే లికోమీటర్ ఉంది. ఎలుక సెకనుకి 6 నుంచి 7 సార్లు నాకుతుంది. ఆగకుండా నాకే గుత్తి ఎంత పొడవుందన్నది రుచికి సూచన. గుత్తులు ఎన్ని వచ్చాయన్నది ఎక్కువగా కడుపు నిండడంతో ముడిపడి ఉంటుంది. రుచినీ కడుపునీ ఒకే పరీక్షలో విడదీయగలిగే పరికరం ఇదే. చిట్టెలుకలకి 20 మిల్లీగ్రాముల చిన్న పెల్లెట్లు ఒక్కొక్కటిగా ఇచ్చే ఫెడ్3 పరికరం నమూనా అందరికీ తెరిచి ఉంది. సర్క్యూట్లు, 3డీ ప్రింటింగ్ తెలిసిన విద్యార్థులున్న చోట చేసుకోవచ్చు. చిన్న పెల్లెట్లు మాత్రం కొనక తప్పదు, తేమకి ఉబ్బితే పరికరంలో ఇరుక్కుంటాయి.

సీసాలో ఏం పోయాలి

కేలరీ లేని తీపికి సోడియం సాకరిన్, 0.1 నుంచి 0.2 శాతం. ఎక్కువ పోస్తే చేదు బయటపడి ఎలుక వెనక్కి తగ్గుతుంది. చిట్టెలుకల్లో జాతిని బట్టి కూడా ఇది మారుతుంది. సీ57బీఎల్/6 రకం సాకరిన్ బాగా తాగుతుంది, 129 రకం అంతగా తాగదు. ఆ తేడా తీపి గ్రాహకంలోని టాస్1ఆర్3 జన్యువుదని 2001లో తేలింది.

మందుల షాపులో చక్కెరకి బదులుగా అమ్మే షుగర్ లేని తీపి మాత్రలు, పొడులు కొనకండి. వాటిలో చాలా వాటికి నింపుడుగా లాక్టోజ్, డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటాయి కాబట్టి కేలరీ లేదన్న మాట నిలబడదు. అస్పర్టేమ్ మనకి తీపి, ఎలుకకి దాదాపు ఏమీ కాదు. సుక్రలోజ్ కొన్ని ఎలుకలకి నచ్చుతుంది, కొన్ని ముఖం తిప్పుకుంటాయి. సగటు తీస్తే 50 దగ్గర ఆగి మోసం చేస్తుంది. విడివిడి ఎలుకల అంకెలు చూడండి. దీనికి ఎదురుగా గంజిపొడి నుంచి చేసే మాల్టోడెక్స్‌ట్రిన్ మనకి చప్పగా ఉంటుంది, ఎలుకలు మాత్రం దాన్ని చాలా ఇష్టంగా తాగుతాయి. మన నాలుకతో రుచి చూసి పోలిక ద్రావణం ఎంచుకోవద్దని చెప్పడానికి ఇదే కారణం.

మానసిక ఒత్తిడి పరీక్షలకి 1 శాతం చక్కెర సరిపోతుంది. 40 మిల్లీలీటర్లు తాగినా 1.6 కేలరీలే, కాబట్టి ఇష్టమంతా రుచిదే అనొచ్చు. 10 శాతం ద్రావణం 60 మిల్లీలీటర్లు తాగితే 24 కేలరీలు, రోజు తిండిలో మూడో వంతుకి దగ్గర. అప్పుడు పెల్లెట్లు తినడం తగ్గుతుంది. పెల్లెట్లు కూడా తూచకపోతే ఆ సంగతి తెలియదు.

కేలరీ తెచ్చే ఇష్టాన్ని విడిగా చూడాలంటే వాసన జత పద్ధతి ఉంది. తీపి లేని రెండు ఎసెన్సులు తీసుకోండి. ఒకదాన్ని 8 శాతం గ్లూకోజులో, ఇంకోదాన్ని 0.2 శాతం సాకరిన్‌లో కలిపి, ఒక రోజు ఒకటి, మరునాడు ఇంకోటి చొప్పున కొన్ని విడతలు ఇవ్వండి. సగం ఎలుకలకి ఎసెన్సుల జత తారుమారు చేయాలి. తర్వాత రెండు ఎసెన్సులనీ ఒకే సాకరిన్ ద్రావణంలో పోసి ఎదురెదురుగా పెట్టండి. ఇప్పుడు తీపి సమానం, కేలరీ రెండిట్లోనూ లేదు. గ్లూకోజుతో వచ్చిన వాసన వైపు మొగ్గితే అది కడుపు నేర్పిన ఇష్టం. గ్లూకోజుకి బదులు ఫ్రక్టోజ్ వాడకండి, కడుపు నుంచి నేర్పడంలో అది చాలా బలహీనం.

చిత్తూరు బెల్లం వాడదామన్న ఆలోచన ఇక్కడి విద్యార్థులకి సహజంగానే వస్తుంది. బెల్లం మీదే ప్రశ్న అయితే తప్పకుండా వాడండి, అది మన ప్రాంతపు మంచి ప్రశ్న. అప్పుడు రంగు కోసం హైడ్రోస్ అనే తెల్లబరిచే రసాయనం వేయని ముదురు బెల్లం ఒకే దిమ్మె నుంచి తీసుకుని, తేమ కొలిపించి, అంతే చక్కెర ఉన్న శుద్ధ ద్రావణాన్ని పక్కన పెట్టండి. చక్కెరకి చవక బదులుగా మాత్రం బెల్లం పనికిరాదు, దిమ్మెకీ దిమ్మెకీ ఖనిజాలు, వాసన మారిపోతాయి.

కెఫెటేరియా మేత

1976లో స్క్లఫానీ, స్ప్రింగర్ ఎలుకలకి బిస్కెట్లు, సలామీ, జున్ను, చాక్లెట్, వేరుసెనగ వెన్న లాంటి అంగడి తిండి పెట్టి లావు చేశారు. తిరుపతిలో మురుకులు, చిక్కీ, బిస్కెట్లు, అరటిపండుతో అదే చేయొచ్చు. లావు చేయడంలో దీనికి ఎదురులేదు, వైవిధ్యం వల్ల ఎలుక తినడం ఆపదు. కానీ ఉప్పు, నీరు, ప్రోటీన్, కొవ్వు అన్నీ ఎలుక ఎంపికని బట్టి రోజూ మారతాయి. ప్రతి పదార్థాన్నీ విడిగా తూచాలి, ఎలుక లేని బోనులో అవే పెట్టి ఎంత ఎండిపోయిందో తీసేయాలి. అరటిపండు రాత్రికి రాత్రి బాగా బరువు తగ్గుతుంది, వానాకాలంలో మురుకు తేమ పీల్చి బరువెక్కుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో పెల్లెట్లకి కూడా ఈ దిద్దుబాటు కావాలి.

మిగిలిన చిన్న సంగతులు

వరి ఊక చవకైన పరుపే, కానీ అందులో నూకలుంటే ఎలుక తింటుంది. జల్లించిన ఊక కొనండి, లేదా తిండి కొలిచే రోజుల్లో జాలీ అడుగున్న బోను కొద్దికాలం వాడండి. గది వేడెక్కితే ఎలుక మేత తగ్గిస్తుంది, అందుకని రోజూ కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు పట్టికలో ఉండాలి. ఎలుకలు ఎక్కువగా రాత్రే తింటాయి. సాయంత్రం లైట్లు ఆరే ముందు తూచి, ఉదయం తూస్తే ఎక్కువ తెలుస్తుంది. ఒంటరిగా ఉంచడం, మేత ఆపడం లాంటివన్నీ సంస్థ జంతు నైతిక సంఘానికి ఇచ్చే దరఖాస్తులో కారణాలతో ముందే రాయాలి. మామూలు పెల్లెట్ల మీదే అతిగా తినే జంతువు కావాలంటే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో వచ్చిన డబ్ల్యూనిన్/ఓబీ ఎలుకలున్నాయి. వాటికి రుచి కారణం కాదు, ఆకలిని అదుపుచేసే లెప్టిన్ హార్మోన్ సంకేతం పనిచేయకపోవడం కారణం. రుచి ప్రయోగానికి ఎదురు పోలికగా అవి చక్కగా కుదురుతాయి.

కొవ్వు మేత ఆర్డరు ఏప్రిల్, మే నెలల్లో పెట్టకండి. పార్సిల్ లారీలో, గోడౌన్‌లో ఎంతసేపు ఎండలో ఉందో ఎవరూ చెప్పలేరు. చల్లటి నెలల్లో తెప్పించి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పెట్టె వచ్చిన రోజే విప్పి, అట్ట మీద జిడ్డు మరకలున్నాయా, పెల్లెట్లు అతుక్కుపోయాయా, కమురు వాసన ఉందా చూసి, ఫోటో తీసి, బ్యాచి నంబరు రాసుకుని, 50 గ్రాములు విడిగా సీలు చేసి మైనస్ 20లో దాచండి. ఫలితం తేడాగా వస్తే పెరాక్సైడ్ విలువ (కొవ్వు ఎంత కమిరిందో చెప్పే కొలత) చూపించడానికి ఆ 50 గ్రాములే పనికొస్తాయి.